మా పికప్ బండికి సెలైన్

ఒక శనివారం ఉదయం ఆరూ పదికి, తోడబుట్టిన చెల్లెలి పరువుని నా చేత్తోనే బోల్టు విప్పి బేసిన్లోకి కార్చేశాను. ఎలాగో చెబుతాను, కూర్చోండి. ఇంత శ్రద్ధగా పని చెడగొట్టడం అందరికీ చేతనయ్యేది కాదు.

అప్పటికి నేను చిన్నదాన్ని. అరవై ఒకటి. లెక్కల టీచరుగా రిటైరై, దిద్దడానికి పేపర్లు లేక, ఇంట్లో కనబడ్డవన్నీ దిద్దుతున్న రోజులు. కొత్తపేటలో మా వాకిట్లో, మావారు కొబ్బరికాయలు తోలే పాత పికప్ బండి ఒకటుండేది. ఆ రోజు మా చెల్లెలు మేరీరత్నం తన కూతురు బ్లెస్సీ అత్తవారికి సారె పంపాల్సింది ఆ బండిలోనే. పన్నెండింటికల్లా రాజోలు చేరాలి. సారె చూడ్డానికి వాళ్ళ వీధి వీధంతా వస్తుంది. ఒక్క డబ్బా తగ్గినా పిల్ల జన్మంతా ఆ మాట వింటూనే ఉండాలి. అందుకే మూడు రోజులు వండి, పన్నెండు పెద్ద స్టీలు డబ్బాలు నింపి, ముందురోజే బండికెక్కించాం.

అంతా బాగానే ఉంది, బండి వెనక మూలుగు తప్ప. వెనక చక్రాల మధ్య గుమ్మడికాయంత ఇనప గుండు ఉంటుంది, డిఫరెన్షియల్ అంటారు. మలుపులో లోపలి చక్రం ఎంత తిరగాలో, బయటి చక్రం ఎంత తిరగాలో అదే చూసుకుంటుంది. అంటే లెక్కల పని. అంటే నా పని.

మూలుగు పోవాలంటే దాని ఆయిల్ మార్చాలిట. ఎలాగో ఫోన్లో వీడియో చూశాను. మొదటి రెండు నిమిషాలూ వదిలేశాను. సబ్‌స్క్రైబ్ చేయమని బతిమాలే మనిషి అప్పుడే అసలు సంగతి చెప్పడు కదా!

"అక్కా, ఆ బండి కింద ఏం చేస్తున్నావ్?"

"ఆయిల్ మారుస్తున్నానే. అరగంట పని."

"మెకానిక్కుని పిలవచ్చు కదా!"

"శనివారం కదే. వాడపల్లి గుడికి వెళ్ళేడు. ఊళ్ళో ఆటోలు కూడా అక్కడికే వెళ్ళేయి."

"అయితే మూలగనీ. బావగారు రోజూ మూలుగుతూనే తిరుగుతున్నారు కదా!"

నేను వినలేదు. కింది బోల్టు విప్పాను. పాత ఆయిల్ జారింది. సగం బేసిన్లోకి, సగం నా జుట్టులోకి. ఆ వాసన ఎలాంటిదంటే, కుళ్ళిన గుడ్లు కూడా ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాయి. ఇక కొత్తది పోయాలి. పోసే దారి పై బోల్టు. అది కదల్లేదు. పానా బిగించి వేలాడాను. కాలితో తన్నాను. చివరికి బోల్టు మూలలన్నీ అరిగి సున్నుండలా గుండ్రంగా తయారైంది.

అప్పుడు వీడియో మొదటి రెండు నిమిషాలు చూశాను. ఆ మహానుభావుడు రెండు చేతులూ జోడించి చెబుతున్నాడు: "ముందు పై బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. అది ఊడకపోతే, మీకు దణ్ణం పెడతాను, కిందది ముట్టుకోకండి."

మావారు కాఫీ గ్లాసుతో వచ్చి వంగి చూశారు.

"ఆయిల్ లేకుండా తోలేస్తే?" అన్నాను.

"ముక్కామల దాటకుండా లోపల పళ్ళన్నీ రాలిపోతాయి, టీచరుగారూ."

చెల్లెలు ఏడుస్తుందనుకున్నాను. కానీ అది ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. చెంగు దోపుకుని బండి కిందకి దూరింది. "ఈ గుండుకి పైన ఇంకో బెజ్జం లేదా?" అంటూ తడిమి, గాలి ఆడడానికి పెట్టిన సన్నటి గొట్టం పట్టుకుంది. "నరం దొరికింది!"

కింది బోల్టు బిగించాం. దాని పాత నర్సు సంచిలోంచి తీసిన ఖాళీ సెలైన్ సీసాలో కొత్త ఆయిల్ పోసి, బండి పక్క గేటుకి వేలాడదీసి, ట్యూబు ఆ గొట్టంలోకి దించాం. పాకంలాంటి ఆయిల్, చుక్క... చుక్క...

"కాస్త తొందరగా ఎక్కించవే!"

"పేషెంటుని కంగారుపెట్టకు."

బండికి సెలైన్ పెట్టారన్న కబురు వీధంతా పాకింది. ముందుగా పక్కింటి కరుణమ్మగారు వచ్చారు.

"ఎలా ఉందండీ?"

"ఇప్పుడు కాస్త నయమేనండి."

పలకరించడానికి వచ్చిన మనిషిని మా వైపు ఊరికే పంపం. పొద్దుటి కాఫీ తర్వాత ఇంట్లో పొయ్యి వెలగలేదు. చేతికందేది బండిమీది డబ్బాయే. "రెండు గవ్వలు తినండి." "అబ్బే, వద్దండి." మా దగ్గర వద్దండి అంటే నాలుగు పెట్టమని.

"అక్కా, అది సారె!"

"నాలుగు గవ్వలకి డబ్బా ఏం తరిగిపోతుందే?"

లెక్కల టీచరునై ఉండీ, నాలుగుని వీధిలో మనుషులతో హెచ్చవేయడం మరిచాను. వచ్చినవాళ్ళు ఊరుకున్నారా? పేషెంటు కోలుకునేదాకా కదిలేది లేదని కుర్చీలు తెచ్చుకున్నారు. పన్నెండున్నరకి ఆఖరి చుక్క ఎక్కింది. బండి నిండింది. డబ్బాలు ఖాళీ.

అదిగో, సరిగ్గా అప్పుడే కారు ఆగింది. బ్లెస్సీ అత్తగారు.

"పొద్దుట్నుంచీ ఫోన్ ఎత్తకపోతే భయపడి వచ్చేనండి, వదినగారూ."

ఆవిడకీ ఏదో ఒకటి పెట్టాలిగా! డబ్బాల అడుగులు వెతికి, రెండు కాజాలు, ఒక సున్నుండ ప్లేటులో పెట్టి ఇచ్చాను. ఆవిడ తృప్తిగా తిన్నారు.

"కాజా ఎంత బాగుందండీ! మాకు పంపే సారెలో కూడా ఇవి ఉన్నాయాండీ?"

మేరీరత్నం నా వైపు చూసింది. వీధంతా నా వైపు చూసింది.

"ఆయ్. మీ సారె ఇదేనండి," అన్నాను. "ఇప్పుడే మీకు ముట్టేసింది."

ఆవిడ ఖాళీ డబ్బాలు చూశారు, సీసా చూశారు, నా జుట్టు చూశారు. తర్వాత నవ్వు ఆపుకోలేక చక్రానికి ఆనుకుని కూలబడ్డారు. "మా కోడల్ని సారె గురించి ఎవరేమంటారండీ? ముందు మీ గురించి చెప్పుకోడానికే వాళ్ళకి ఏడాది చాలదు!"

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పై బోల్టు ఊడి నా అరచేతిలో పడేదాకా, ఈ ఊపిరి ఉండగా కింది బోల్టు ముఖం చూడను.

పోయినవి: గవ్వలు నాలుగు డబ్బాలు. కాజాలు మూడు. సున్నుండలు మూడు. జంతికలు రెండు. ఆయిల్లో తడిసిన నా నేత చీర ఒకటి. ఒక బేసిన్.