పసుపంటే చుక్కలు

మొన్న మా మనవడు తాడేపల్లిగూడెం నుంచి కలర్ టీవీ తెచ్చి ముందుగదిలో పెట్టి, "చూడు మామ్మా, చీర ఎర్రగా ఎలా కనపడుతోందో!" అంటే, పాత నలుపు తెలుపు దాంట్లోనూ నాకు ఎర్రగానే కనపడేదిరా అన్నాను. వెధవ నమ్మలేదు. మన ఈడువాళ్ళయితే నమ్ముతారని చెబుతున్నాను. నాకు సంతకం దాటి చదువు రాదు, మనవరాలు రాసిపెడుతోంది.

మా ఆయన ఏలూరు కాలవగట్టున పడవలు చేసే వడ్రంగి. ఎండాకాలం కొల్లేట్లో నీళ్ళు తగ్గితే పడవలు బురదలో దిగబడిపోయేవి. దానికాయన ఒక యంత్రం కట్టారు. రేవులో గుంజకు చెక్కపెట్టె, లోపల నీళ్ళమీద తేలే బెండు. నీళ్ళు నిండుగా ఉంటే ఆకుపచ్చ పలక పైకొస్తుంది, తగ్గితే పసుపుది, పడవ దిగబడేటట్టుంటే ఎర్రది. పడవ నడిపే అక్షరం రాని సరంగు కూడా దూరంనుంచే చూసి ఆగిపోవచ్చు. ఈలోగా ఊళ్ళో ఒక పెద్దమనిషి అది తన బుర్రలో పుట్టిందేనని చెప్పుకోవడం మొదలెట్టేసరికి, మా ఆయనకు అన్నం సయించక, మిషన్ స్కూలు మాస్టారిచేత ఇంగ్లీషు రాయించి, మూడు రంగులూ దిద్దిన బొమ్మను పేటెంటు కోసం కలకత్తా పంపారు.

బొమ్మ తిరిగొచ్చింది. తెల్ల కాగితం మీద నల్ల సిరా తప్ప ఇంకే రంగూ పనికిరాదట, గడువులోగా మళ్ళీ పంపకపోతే దరఖాస్తు పోతుందట. నల్లగా గీస్తే మూడు పలకలూ ఒకటే కదా, రంగు తీసేస్తే ఇంక యంత్రమేముంది అని ఆయన తల పట్టుకున్నారు. మాస్టారే దారి చెప్పారు: ఎరుపుకు నిలువు గీతలు, ఆకుపచ్చకు ఏటవాలు గీతలు, పసుపుకు చుక్కలు, ఏది ఏమిటో పక్కన రాస్తే చాలండీ అన్నారు.

మా అత్తగారికి ఇది మింగుడుపడలేదు. "పసుపుకు చుక్కలేంటే? డబ్బాడు పసుపు ఇంట్లో పెట్టుకుని, కరువొచ్చినట్టు!" అని నన్ను కసిరారు. ఆయన చెమట చుక్క పడకుండా ఊపిరి బిగబట్టి బొమ్మ పూర్తిచేసి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, శుభమా అని బయలుదేరే కాగితం బోసిగా పోకూడదని, ఆవిడ శుభలేఖకు రాసినట్టు నాలుగు మూలలా తడిపసుపు రాసి, చాలదన్నట్టు చుక్కల పలక మీద కూడా బొటనవేలితో ఒక్క అద్దు అద్దారు.

ఆయన చూసి ఉన్నచోటే కూలబడ్డారు. "ఏరా నాయనా, ఇప్పుడు తెలుస్తోందిగా పసుపని?" అన్నారావిడ ఎంతో ముద్దుగా.

మర్నాడు టపాలో వెయ్యకపోతే గడువు దాటిపోతుంది. మళ్ళీ మొదటినుంచి గీస్తుంటే కంగారులో ఆయన పెట్టే చుక్కలు వానపాముల్లా సాగుతున్నాయి. "ఏవండీ, ముగ్గు చుక్కలు పెట్టే చెయ్యి నాది, నేను పెట్టనా?" అన్నాను. పెట్టాను. అత్తగారి చేతికి చాటెడు చిక్కుడుకాయలిచ్చి వీధరుగు మీద కూర్చోబెట్టి, పసుపుడబ్బా అటకమీద పెట్టించారు ఆయన.

పేటెంటు వచ్చింది, ఆ పెద్దమనిషి నోరు మూతపడింది. కవరు లోపలి అంచుకు తాను రాసిన పసుపువల్లే వచ్చిందని అత్తగారు ఊరంతా చాటుకున్నారు. అటకకు నిచ్చెన ఉందన్న సంగతి మాకు తట్టనేలేదు.

ఇప్పుడు పడవలు పోయి లారీలొచ్చాయి. పసుపు నా ఒంటిమీంచి ఎప్పుడో పోయింది. ఆ పాడైన బొమ్మ మాత్రం పెట్టెలో దాచుకున్నాను. అత్తగారి పసుపు వెలిసిపోయింది, ఆయన పెట్టిన చుక్కలు అలాగే ఉన్నాయి. కరెంటు తగ్గి టీవీలో రంగులు పోతే ఇంటిల్లిపాదీ ఒకటే గోల. నేను మాత్రం తెరమీద పిల్ల చీర ఎరుపనీ, రవిక పసుపనీ చెబుతూ కూర్చుంటాను. అవునే అనడానికే ఆయన లేరు.