కొత్త ఇంజన్, పాత జీపు

బోధన్‌లో దర్జీ జాన్సన్ మెడలో టేపు అన్నం తినేటప్పుడు కూడా వేలాడుతూనే ఉంటుంది. తండ్రి వదిలివెళ్ళిన జీపులోకి నిజామాబాద్ తుక్కు దుకాణంలో దొరికిన కొత్త ఇంజన్ ఎక్కించాలనుకున్నప్పుడూ ఆ టేపుతోనే కొలిచాడు. ఎవరైనా అనుమానపడితే, "అంగీ బిగుతైతే కుట్లు ఇప్పుతం గద, గంతే!" అనేవాడు. మూడుసార్లు ఇంజన్ దింపి, తనను తానే తిట్టుకుని, నాలుగోసారి బిగించాడు. ఆదివారం భార్య హెప్సిబాను ఎక్కించుకుని కోటగిరి చర్చికి బయలుదేరాడు. జీపు ఎన్నడూ లేనంత జోరుగా ఉరికింది. చర్చి గేటు వచ్చింది, పోయింది. జాన్సన్ బ్రేకు మీద నిలబడ్డంత పని చేసినా, జీపు పక్కనున్న చెరుకుతోటలో దూరి గానీ ఆగలేదు. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఇంజన్ కొత్తది పెట్టినవ్. మరి బ్రేకులు?" అంది హెప్సిబా, జుట్టులోంచి చెరుకాకులు తీసుకుంటూ.

"గవి బాపు ఉన్నప్పటియే. నా తెలివి లెక్కనే పాతయి."

ప్రార్థనకు వచ్చినవాళ్ళంతా జీపును రోడ్డు మీదికి తోశారు. స్టీరింగ్ పట్టుకున్న జాన్సన్ తల బయటపెట్టి, "గిట్లనే బోధన్ దాంక నూకుండ్రన్నా, గిదే నాకు తగ్గ స్పీడు!" అన్నాడు. హెప్సిబా పగలబడి నవ్వింది. ప్రార్థన అయ్యాక మాత్రం బస్సెక్కి వెళ్ళిపోయింది. జాన్సన్ ఆ కొత్త ఇంజన్‌ను మొదటి గేరులోనే నడుపుతూ, వెనక వచ్చే సైకిళ్ళకు దారిస్తూ, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు.