తిన్నె మీద అవ్వ, లోపల పరీక్ష

నేను డిగ్రీ పాసయ్యాను! నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ ఇంతవరకూ ఎవరూ చదవని డిగ్రీ. నిన్న పట్టా చేతికొచ్చింది. అంబత్తూరులో నేను ప్యాకింగ్ పని చేసే కంపెనీలో అందరికీ చూపించాను. రైల్లో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకి కూడా చూపించాను. రాయపురంలో మా సందు మొదలు నుంచి చివరిదాకా ఒక్కో గడపా ఎక్కి చెప్పాను. ఒక్క తిన్నె దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. అది మా ఇంటి ముందు అరుగు, మా తిన్నె.

నాది దూరవిద్య. మిగతావన్నీ అయిపోయి సమాజశాస్త్ర పరిచయం అనే ఒక్క పేపరు, దాని నాలుగు క్రెడిట్లు మిగిలిపోయాయి. అవి వస్తేనే పట్టా. రెండే అవకాశాలిచ్చారు. పరీక్ష ఇంట్లోనే, ల్యాప్‌టాప్ ముందు. ఎక్కడో కూర్చున్న ఒకాయన కెమెరాలోంచి చూస్తూ ఉంటాడు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. ఇంకో గొంతు వినిపించకూడదు. కుర్చీలోంచి లేస్తే పరీక్ష రద్దు.

మాది ఒకటే గది. అందులో మంచం మీద అవ్వ, మా నాన్నను కన్నతల్లి. హార్బర్ దగ్గర చేపల గంప మోసి మోసి నడుము పోయి, ఏడాదిగా మంచంలోనే ఉంది. పనినుంచి వచ్చాక ఆమె పక్కన నేల మీద కూర్చుని చదివేదాన్ని. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో ఆమెకు చెబితేనే నాకు బుర్రకెక్కేది.

"ఇదేం చదువే?" అంది ఒకరోజు.

"మనుషులు కలిసి ఎట్లా బతకతారో చెప్పే చదువవ్వా."

"దానికి పరిచ్చ యెందుకే? తిన్నె మీద కూచుంటే తెలీదా?"

"తిన్నె మీద కూచుంటే క్రెడిట్లు రావవ్వా."

"అయితే నా క్రెడిట్లు యాడ బోయినాయో కనుక్కో పో."

నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గుకు అమ్మ తులసాకు కాచిన నీళ్ళు చెంచాతో పోసేది. ఆ దగ్గు విన్నప్పుడల్లా నాకు భయమేసేది, పరీక్షలో ఇది వినిపిస్తే ఎట్లా అని. పుస్తకంలో కుటుంబం అనే పాఠం చదువుతూ, ఉన్న కుటుంబాన్ని రెండు గంటలు ఎక్కడ దాచాలా అని ఆలోచించేదాన్ని.

పరీక్షరోజు పొద్దున నాన్న పనికి పోయేముందు అవ్వను ఎత్తుకెళ్ళి, తిన్నె మీద చాప పరిచి పడుకోబెట్టాడు. తిన్నె ఇరుకు. తల పెట్టడానికి దక్షిణం వైపే చోటుంది. మా వాళ్ళలో ప్రాణం పోయే మనిషిని మంచం మీద ఉంచరు. ఇంటి బయటికి తెచ్చి, తల దక్షిణానికి పెట్టి, నోట్లో తులసి నీళ్ళు పోస్తారు. ఆ పొద్దున మాలో ఒక్కరికీ అది తట్టలేదు. మా తలల్లో ఉన్నదంతా ఆ కెమెరానే. అమ్మ రెండు చెంచాల తులసి నీళ్ళు పోసింది. అవ్వ నిద్రపోయాక ఈగలు వాలకుండా ముఖం మీదికి దుప్పటి లాగి, బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయింది. నేను లోపల గడియ పెట్టుకున్నాను. మా సందులో పగటిపూట తలుపు మూయడమే వింత.

ఇరవై ప్రశ్నలయ్యాయో లేదో, ఎదురింటి అత్త గొంతు లేచింది.

"అయ్యయ్యో, మా పెద్దమ్మ పాయెనే! ఒక్క మాటన్నా చెప్పకుండా పాయెనే! గంప దించి పాయెనే!"

ఆ వెంటే ఇంకో రెండు గొంతులు. ఎవరో తలుపు బాదారు.

అవ్వ పోయిందనే అనుకున్నాను. అలా అనుకుని కూడా, లేచేముందు, తెర మీదున్న ప్రశ్నకు జవాబు నొక్కాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తలుపు తీసేసరికి అవ్వ దుప్పటి తోసేసి, తలెత్తి చూస్తోంది.

"యెవురే పోయింది?"

అత్త ఏడుపు మధ్యలో ఆగి, "నువ్వే కదా పెద్దమ్మా!" అంది.

"సరి సరి. నేను పోయినప్పుడు కూడా ఇట్లనే ఏడువుమ్మే. బాగుండాది."

సందంతా నవ్వింది. లోపలికెళ్ళి చూస్తే తెర మీద పరీక్ష రద్దయిందని ఉంది.

మూడు వారాలు మళ్ళీ చదివాను. ఈసారి మనసులోనే చదువుకున్నాను. దగ్గర కూర్చుంటే, నేను నొక్కిన జవాబు సంగతి అవ్వకు తెలిసిపోతుందేమోనని భయం.

"ఏందే, నాకు చెప్పడం మానేసినావు? పాసైపోయినానా నేను?" అనేది. నేను పేజీ తిప్పేదాన్ని.

రెండో పరీక్షకు ఉపాయం ఆమే చెప్పింది. "కుర్చీలో కూచోబెట్టండి. పడుకుంటే వీళ్ళు పాడె కట్టేస్తారు." ఆ నడుముతో రెండు గంటలు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎదురింటి అత్త చీపురు పట్టుకుని కాపలా కాసింది. "ష్! పాపకి పరిచ్చ" అని కూరగాయల బండిని కూడా సందు మొదట్లోనే ఆపేసింది. లోపల నాకు ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. బయటికొచ్చి చూస్తే, అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ళనిండా నీళ్ళు. కొంగు తీసి, "అయిపాయనా?" అంది.

ఆ తర్వాత ఆమె లేచి కూర్చోలేదు. నెల తిరగకముందే ఒక తెల్లవారుజామున పోయింది. నాన్న అదే చాప మీద, అదే తిన్నె మీద పడుకోబెట్టి, ముఖం మీదికి దుప్పటి కప్పి, చుట్టాలకు చెప్పడానికి వెళ్ళాడు. అమ్మ గట్టిగా ఏడ్చే మనిషి కాదు. తలుపు దగ్గరగా వేసి, మంచం కిందంతా కడుగుతోంది. నేను గోడకానుకుని కూర్చున్నాను. ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఇప్పుడు ఏడుస్తుందని కాచుకుని ఉన్నాను.

"ష్! మెల్లిగా పోండి," అంటోంది అత్త ఎవరితోనో. "లోపల పాపకి మళ్ళీ పరిచ్చలాగుండాది."

సందంతా చప్పుడు లేకుండా అయిపోయింది. చెప్పుల శబ్దం కూడా రాకుండా నడిచిపోతున్నారు. చివరికి లేచి తలుపు తీశాను.

"పరిచ్చ లేదత్తా."

ఆమె నన్ను చూసింది. దుప్పటిని చూసింది. చేతిలోని చీపురు కింద పడింది. అవ్వ అడిగినట్టే ఏడ్చింది, ఒక్క మాట మార్చకుండా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది, మంచి మార్కులే. మొదటిసారి, లేచేముందు నొక్కిన ఆ జవాబు తప్పో ఒప్పో మాత్రం తెలియదు. రద్దయిన పరీక్షకు మార్కులు చెప్పరు.