నేను చదవని కార్డు, అక్క విన్న పాట

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి టీ తాగడానికి పోయే రకం నేను. మా బాపు జీవితమంతా బొగ్గు గనిలో పనిచేశాడు. గనిలో పోయినవాళ్ళు మళ్ళీ కనబడ్డారని చెప్పుకునే కథలు మా సెంటినరీ కాలనీలో క్వార్టర్‌కొకటి ఉంటాయి. బాపు వాటిలో ఒక్కటీ నమ్మలేదు, మమ్మల్నీ నమ్మనివ్వలేదు. పైగా నేను రేడియోలో పనిచేసినవాణ్ణి. మైకు తెరిస్తేనే మాట బయటికి పోతుంది, మూస్తే పోదు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

సునామీ వచ్చిన ఏడాది జరిగింది ఇది. అప్పుడు మా ప్రాంతానికి వినిపించే ఒక రేడియో కేంద్రంలో నేను అనౌన్సర్‌ని. పర్మినెంటు కాదు, నెలలో కొన్ని డ్యూటీలు ఇచ్చేవాళ్ళు. పొద్దున ఏడున్నరకు శ్రోతలు కోరిన పాటలు వచ్చేవి. ఉత్తరం చదివి, పేర్లు చదివి, పాట వేయాలి. నా గొంతు బాగుంటుందని నాకు కాస్త పొగరు కూడా ఉండేది, ఇప్పుడు దాచడమెందుకు.

మా అక్క రూతమ్మ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. బావ ఏలియాకు గోదావరిఖనిలో గని పని. ఇద్దరూ బాగానే ఉండేవాళ్ళు. ఆ నవంబరులో, అమ్మ పోయి ఏడాదైందని, అక్క తన క్వార్టర్‌లో ఒక ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టింది. పాస్టరుగారు వచ్చారు, చుట్టాలంతా వచ్చారు. బావ మాత్రం లేడు. ఆదివారం డ్యూటీ దొరికిందని గనికి పోయాడు. పొద్దుగూకి చుట్టాలంతా వెళ్ళిపోయాక ఇంటికి వచ్చాడు. అక్క నిలదీస్తే ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"కూడిక మల్ల పెట్టుకోవచ్చు. మస్టర్ పోతే మల్ల వస్తదా?"

మస్టర్ అంటే గనిలో హాజరు, అది పడకపోతే నాగా. మస్టర్లు తగ్గాయంటే కార్మికుడికి నిద్ర పట్టదు. మా దగ్గర ప్రతి ఇంట్లో రోజూ వినపడే మాటే అది. కానీ చచ్చిపోయిన అమ్మ విషయంలో అనే మాట కాదు. మర్నాడు పొద్దున్నే అక్క ట్రంకుపెట్టె సర్దుకుని బాపు దగ్గరికి వచ్చేసింది.

బావ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ అక్క లోపలి గదిలోంచి బయటికి రాలేదు. పైగా ఖమ్మం వైపు ఎక్కడో ఆడపిల్లల హాస్టల్లో పని కుదుర్చుకుంది. క్రిస్మస్ అయ్యాక సోమవారం తొమ్మిది గంటల బస్సుకు పోతానని తేల్చి చెప్పేసింది. మా అక్క సంగతి మాకు తెలుసు. ఆ బస్సు ఎక్కిందంటే ఇక ఆ కాపురం అయిపోయినట్టే.

క్రిస్మస్ సాయంత్రం నేను సోమవారం దాకా పడిన డ్యూటీకి బయలుదేరి బస్సు కోసం నిలబడితే బావ సైకిల్ మీద వచ్చాడు. జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి నా చేతిలో పెట్టాడు.

"పోస్టుల ఏస్తే ఎప్పుడు చేరుతదో ఏమో. సోమారం పొద్దుగాల చదువు బామ్మర్దీ. నా మాట ఇనది, నీ మాట ఇనది. రేడియోల నువ్వు మాట్లాడితే మాత్రం ఇంటది. ముందే చెప్పకు, నీకు దండం పెడ్త."

మరుసటి రోజు, ఆదివారం పొద్దున, ఖాళీగా ఉన్న స్టూడియోలో కూర్చుని కార్డు ఒకసారి పైకి చదివి చూసుకున్నాను. కొత్త ఉత్తరాన్ని అలా చదివి చూసుకోవడం నాకు అలవాటు. మైకు మూసి ఉంది, ఎర్ర లైటు ఆరి ఉంది, గదిలో నేను తప్ప ఎవరూ లేరు. కార్డులో ఉన్నది ఇంతే.

"రూతమ్మకు ఏలియా రాసేది. ఆ దినం మస్టర్ అని తప్పు మాట అన్న. నువ్వు పోయిన కాడికెల్లి ఇంట్ల నాకు మస్టర్ పడుత లేదు. అన్నీ నాగాలే. నువ్వొచ్చి రాస్తెనే పడ్తది."

కింద ఒక పెళ్ళి పాట కోరాడు. చప్పట్లు, డప్పు, కోరస్‌తో కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూడా కదిలించే పాట.

"అన్నీ నాగాలే" దగ్గర నాకు నవ్వాగలేదు. దగ్గు వచ్చింది. "అయ్యో బావా" అని నాలో నేనే అనుకుని, మళ్ళీ మొదటినుంచి చదివాను.

మధ్యాహ్నానికి సముద్రం వార్తలు రావడం మొదలైంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. సాయంత్రానికి అందరి ముఖాలూ మారిపోయాయి. రేపటి నుంచి హుషారు పాటలు వద్దు, ఉత్తరాల కార్యక్రమం వద్దు, సన్నాయి, వీణ, వయొలిన్ చాలు అని మా అధికారి చెప్పారు.

అల్మారాలో క్యాసెట్లన్నీ కింద పరిచి, ఏది సంతోషమో ఏది కాదో కూర్చుని తేల్చాం. పెళ్ళి పాటలు, డాన్సు పాటలు తీసేశాం. అల, కెరటం, పడవ అన్న మాట ఉన్న ప్రతి పాటా తీసేశాం. ఒక భజనలో తాళం మరీ జోరుగా ఉందని దాన్నీ పక్కన పెట్టాం. బావ కోరిన పాట ఉన్న క్యాసెట్‌ను నా చేత్తోనే అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను అల్మారాలోకి తోసి తాళం వేశాను. అలా చేయడం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అంతమంది పోయిన దుఃఖంలో చప్పట్ల పాట ఎవరు వినగలరు?

కానీ అక్క బస్సు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కాలనీలో మాకు ఫోన్ అందించే కిరాణా కొట్టుకు ఆ సాయంత్రం నాలుగైదు సార్లు చేశాను. లైన్ కలవలేదు.

సోమవారం ఏడున్నరకు ఎర్ర లైటు వెలిగింది. సంతాపం తెలిపే రెండు వాక్యాలు చదివి సన్నాయి వేశాను. అరగంట సేపు కార్డు నా చొక్కా జేబులో, మైకు నా ముందు. ఆ నాలుగు ముక్కలు చదవడానికి ఒక నిమిషం చాలు. నాకు ధైర్యం చాలలేదు. రిజిస్టర్‌లో నా రాతతోనే "వాద్య సంగీతం" అని రాసి సంతకం పెట్టాను. మా అక్క కాపురాన్ని నా చేతులతో చెడగొట్టానని ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం కాలనీకి చేరేసరికి బాపు మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. అక్క ట్రంకుపెట్టె కనబడలేదు.

"పోయిందా బాపూ?"

"పోయింది. వాళ్ళింటికి."

ఎవరింటికి అన్నాను. మొగుడింటికి, ఇంకెవరింటికి అన్నాడు.

బాపు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అక్క బట్టలు సర్దుకుంటూ రేడియో పెట్టింది. బాపు అదే గదిలో, అదే రేడియో పక్కన టీ తాగుతున్నాడు. ఆయనకు వినిపించింది సన్నాయి. అక్క మాత్రం ఉన్నట్టుండి సర్దడం ఆపి, రేడియో దగ్గరికి వచ్చి కూర్చుంది. మొదట ఏడ్చింది. తర్వాత నవ్వింది. చివరికి నేలమీద వేళ్ళతో దరువు కూడా వేసింది.

"సన్నాయికి దరువేసుడేంది బిడ్డా అని అడిగిన. నీకు చెవుడు బాపూ, తమ్ముడు పాట ఏసిండు అన్నది. నాకు చెవులు కొంచెం తక్కువే. అయితే మాత్రం సన్నాయికి, డప్పుకు తేడా తెల్వదా?"

నేను ఆ కాళ్ళతోనే గోదావరిఖని పోయాను. అక్క వంటింట్లో ఉంది. బావ మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, వాకిట్లో కూర్చున్నాడు. ఆయన ముఖం చూస్తే నాకే కడుపు నిండిపోయింది. నన్ను చూడగానే అక్క గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"నీకేమన్న బుద్ధి ఉన్నదార? అంతమంది సచ్చిపోతే నా కోసం పెండ్లి పాట ఏస్తవా? నీ నౌకరి పోతే ఎట్ల? పైకెల్లి నాగాలే అని సదువుకుంట నవ్వుడు, దగ్గుడు. రేడియోల అయ్యో బావా అంటవా, సిగ్గు లేదు?"

బావ నాకు కార్డు ఇచ్చాడని ఆమెకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. కార్డులో ఏముందో బావే ముందు ఎవరితోనైనా అని ఉండొచ్చు. కానీ ఆ దగ్గు, ఆ "అయ్యో బావా"? అవి మైకు మూసిన గదిలో, అంతకుముందు రోజు, నా నోటినుంచి వచ్చినవి. బావకు కూడా తెలియవు.

కార్డు అప్పటికీ నా జేబులోనే ఉంది. తీసి చూపించి నిజం చెబుదామా అనుకున్నాను. ఇద్దరి ముఖాలూ చూసి నోరు మూసుకున్నాను. అక్క వడ్డించింది, తిన్నాను. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

తర్వాత నాకు వీలైనంత ఆరా తీశాను. కాలనీలో ఆ పొద్దున రేడియో విన్నవాళ్ళను మాటల్లో పెట్టి అడిగాను. అందరూ సన్నాయే అన్నారు. పాట ఉన్న క్యాసెట్ అట్టపెట్టెలోంచి కదలలేదు. చివరికి నాకు నేనే ఒక సర్దుబాటు చేసుకున్నాను. నేను స్టూడియోలో చదువుకున్నది ఏదో ఒక దారిన, నాకు అర్థంకాని దారిన, అక్క చెవిన పడి ఉంటుంది. నమ్మకంగా లేదు కానీ, దానితో తొమ్మిదేళ్ళకు పైగా గడిపాను. ఈలోగా వాళ్ళకు బిడ్డ పుట్టింది, బడికి పోతోంది, అచ్చం అక్కలాగే మొండిది.

మన రాష్ట్రం వచ్చిన ఏడాది, క్రిస్మస్ భోజనానికి వాళ్ళింటికి పోయినప్పుడు, ఇక దాచడం ఇష్టం లేక నిజం చెప్పేశాను. నా బైబిల్లో పెట్టి దాచుకున్న కార్డు తీసి ఇచ్చాను. ఆ రోజు ఇది చదవలేదక్కా, పాట కూడా వేయలేదు, అన్నాను.

అక్క నమ్మలేదు. కార్డు తీసుకుని పెదాలు కదుపుతూ చదివింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"ఇది సగమే ఉన్నది. ఇంకో మాట సదివినవు గద. ఆ దినం డ్యూటీ దిగినంక బొగ్గు బట్టల మీదనే అత్తమ్మ సమాధి కాడికి పోయిన, మాఫీ అడిగిన అని. గది ఏది?"

నేను లేదన్నాను. నేను చదువుకున్న కార్డులో అలాంటి వాక్యం లేనే లేదు.

బావ చేతిలో ముద్ద ప్లేటులో పడిపోయింది.

"మొదలు రాసిన కార్డుల ఉండె. గొప్ప చెప్పుకున్నట్టు ఉంటదని చింపి పొయ్యిల ఏసిన. ఇంకో కార్డు రాసిన. నేను సమాధుల తోటకు పోయినట్టు దేవునికి తప్ప ఎవ్వలకు తెల్వదు."

"గా మాటకే వచ్చిన నేను" అంది అక్క. "మస్టర్ ముచ్చటకు వచ్చిననుకుంటున్నవా ఇన్నేండ్ల నుంచి?"

బావ కళ్ళు తుడుచుకున్నాడు. అక్క ఆయన ప్లేటులో ఇంకొంచెం కూర వేసింది.

పొయ్యిలో కాలిపోయిన కార్డును ఎవరు చదివారో, ఏ రేడియోలో చదివారో నాకు తెలియదు. ఈసారి కారణం వెతకడం కూడా నా వల్ల కాలేదు. నీ గొంతేరా, నీ గొంతు నాకు తెల్వదా అని అక్క ఇప్పటికీ అంటుంది. కాదని చెప్పడం మానేశాను.