పురుగుల గదిలో పరీక్ష

డిగ్రీ అయిపోయేనాటికి నాకు గట్టిగా వచ్చిన విద్య ఒక్కటే: ఎవరి ఫోన్ మొరాయించినా దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేయడం. కోలారు పక్క మా ఊరు క్యాసంబళ్ళిలో వీధి మొత్తానికీ ఆ వైద్యం నేనే చేసేదాన్ని. దాన్నే బెంగళూరులో టెక్నికల్ సపోర్ట్ అంటారనీ, జీతమిచ్చి మరీ చేయించుకుంటారనీ తెలిసి ఎగిరి గంతేశాను. తీరా ఇంటర్వ్యూలకు వెళ్తే అందరూ ఒకటే అడిగారు, సర్టిఫికేషన్ ఏదైనా ఉందా అని. బీఎస్సీ పట్టా చూపించాను. దూరపు చుట్టాల శుభలేఖ చూసినట్టు చూసి పక్కన పెట్టారు.

ఏ పరీక్ష రాయాలన్నది ఇంట్లో పంచాయితీ అయింది. కోలారులో గుమాస్తా పని చేసే మా చిన్నాయన ఆదివారం వచ్చి, కాఫీ తాగుతూ తీర్పు చెప్పేశాడు.

"క్లౌడ్ రాయి పాపా. ఇంగ ముందుకంతా క్లౌడే. మా ఆఫీసులో అందరూ అదే అంటాండారు."

"క్లౌడ్ అంటే ఏమి చిన్నాయనా?"

"అదంతా చదివేటప్పుడు వాళ్ళే చెప్తారు."

పట్టుపురుగులకు ఆకు తరుగుతున్న మా అవ్వ తలెత్తింది. "ఏమిరా అది?"

"మోడమమ్మా."

"మోడాలకు పరీక్ష ఏమిరా? వాన వస్తాదో రాదో దీనికేం తెలుసు?"

చిన్నాయన గబగబా కాఫీ పూర్తి చేశాడు.

మర్నాడు నాన్న నన్ను కేజీఎఫ్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు తీసుకెళ్ళాడు. గోడమీద ఫ్లెక్సీలో హెడ్‌సెట్ పెట్టుకున్న తెల్లమ్మాయి నవ్వుతూ ఉంది. ఆ సెంటర్‌లో నాకు కనిపించిన సంతోషవంతురాలు ఆమె ఒక్కతే. దాని ఓనర్ మా ముందు రంగుల కాగితం పరిచాడు.

"ఇంద పారమ్మా, ఇట్ల చూడు. ఒకటి రాస్తే నువ్వు క్యూలో నిలబడల్ల. ఐదు రాస్తే కంపెనీలు నీ ముందర క్యూ కడతాయి. అన్నిట్లో టాప్ ఏదంటే ఎథికల్ హ్యాకింగ్."

"అంటే ఏమప్పా?" అన్నాడు నాన్న.

"ఇంకొకరి కంప్యూటర్లోకి దూరేది సార్. నీతిగా."

"నీతిగా ఎట్ల దూరేది? తలుపు తట్టి దూరేదా?"

ఆయన ఎంత వివరించినా నాన్నకు తన బిడ్డ దొంగతనం నేర్చుకోబోతోందనే అర్థమైంది. లేచి చెప్పులేసుకున్నాడు. నేను మాత్రం ఆ పేరు మోజులో వారం రోజులు అద్దం ముందు నన్ను నేను హ్యాకర్‌గా పరిచయం చేసుకున్నాను.

ఆ మోజు వదిలించింది రైల్లో కలిసిన ఒక అక్క. ఇంకో ఇంటర్వ్యూకని కేజీఎఫ్‌లో బెంగళూరు రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఒక పెద్ద ఆఫీసు హెల్ప్‌డెస్క్‌లో పనిచేస్తోందని మాటల్లో తెలిసింది. నా ఊగిసలాట అంతా ఏకరువు పెట్టాను.

"నీకు ఏ పని కావల్ల?" అంది.

"సపోర్ట్, అక్కా."

"మరి హ్యాకింగ్ యాడనుంచి వచ్చింది? నాకు పొద్దున్నుంచి వచ్చే ఫోన్లు ఏమనుకున్నావు? పాస్‌వర్డ్ మరిచిపోయినాను, ప్రింటర్ కదల్లేదు, స్క్రీన్ నల్లగా ఉండాది. ఫోన్ తియ్యి. నీకు కావల్సిన ఉద్యోగాల ప్రకటనలు చూడు. ఏ పరీక్ష పేరు మళ్ళీ మళ్ళీ కనబడతాదో అది రాయి. సలహాలు చెప్పేవాళ్ళంతా నీకు ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కాదు కదా."

బంగారపేట దాటేలోపే తేలిపోయింది. ఫ్రెషర్లు కావాలన్న ప్రకటనల్లో క్లౌడూ లేదు, హ్యాకింగూ లేదు. దాదాపు అన్నిట్లోనూ హార్డ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్‌ల మొదటి మెట్టు పరీక్షే ఉంది. కోచింగ్ ఓనర్ కాగితంలో అది అట్టడుగున, సిగ్గుపడుతూ ఉంది. నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. హ్యాకర్ అంటే ఊరంతా భయపడేది. ఇప్పుడు ఊరంతా ప్రింటర్లు మోసుకొస్తుంది.

మూడు నెలలు చదివాను. పరీక్ష ఇంటినుంచే రాయవచ్చన్నారు. కంప్యూటర్ కెమెరా ద్వారా ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు చూస్తుంటాడు. తలుపు మూసిన గది కావాలి, రెండో మనిషి ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు. మా ఇంట్లో తలుపు సరిగ్గా మూతపడే గది ఒకటే, పట్టుపురుగుల గది. అవి అప్పుడే నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు కుబుసం విడవడాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగోది తీరిందంటే ఇక వాటికి తిండి తప్ప మరో ధ్యాస ఉండదు. వాసనలు పడవని నాన్న నన్ను పౌడర్ రాసుకోనివ్వలేదు, తలకు నూనె పెట్టనివ్వలేదు. కాళ్ళు కడిగించి లోపలికి పంపాడు. గుడికి కూడా అంత శుచిగా ఎప్పుడూ వెళ్ళలేదు.

పరీక్ష మొదలైన కాసేపటికి పర్యవేక్షకుడు ఇంగ్లీషులో అందుకున్నాడు.

"మీ గదిలో ఎవరో గుసగుసలాడుతున్నారు."

"ఎవరూ లేరు సార్. పురుగులు తింటున్నాయి."

"ఏమిటి?"

ల్యాప్‌టాప్ ఎత్తి చుట్టూ తిప్పి చూపించాను. అరల నిండా తట్టలు, తట్టల నిండా ఆకు, ఆకు నిండా పురుగులు. వేల నోళ్ళు ఒకేసారి నములుతుంటే రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు ఉంటుంది.

"వాటిని కాసేపు బయటికి పంపగలరా?"

పంపలేనన్నాను. పాపం, మంచివాడు. రాయమన్నాడు. నేను జోరుగా రాస్తున్నాను. ప్రశ్నలన్నీ తెలిసినవే వస్తున్నాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది. ఆకు గంపతో అవ్వ.

"అవ్వా, పో! పరీక్ష!"

"పరీక్ష నీకు. ఆకలి వాటికి. నీ పాటికి నువ్వు రాసుకో, నిన్నేమన్నా అడిగినానా?"

తట్టల్లో ఆకు చల్లుతూ కెమెరాకు అడ్డంగా రెండుసార్లు తిరిగింది. పోతూ పోతూ తెరలోకి తొంగిచూసి, "ఎవురప్పా, భోంచేసినావా?" అని కూడా అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే తెర మూసుకుపోయింది. గదిలో అనధికార వ్యక్తి ఉన్నందున పరీక్ష రద్దయిందని మెయిల్ వచ్చింది. ఆ ఇంట్లో యాభై ఏళ్ళుగా కాపురముంటున్న మనిషిని అనధికార వ్యక్తి అన్నది చరిత్రలో వాళ్ళొక్కరే.

నాకు ఏడుపొచ్చింది. రెండు రోజులు అవ్వతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది.

"పస్తు పెడితే గూడు కట్టవు పాపా. నువ్వైతే మళ్ళా రాసుకుంటావు. అవి మళ్ళా పుట్టవు కదా."

నా సిలబస్‌లో లేని పాఠం అది. నవ్వేశాను.

రెండోసారి బెంగళూరులో పరీక్షా కేంద్రంలోనే రాశాను. చలిపెట్టె లాంటి గది. కుర్తా చేతులు మడిపించి, జేబులు తిప్పించి, చెవుల వెనక కూడా చూశారు. అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేక మొదటి ప్రశ్నలు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. చివర్లో తెరమీద పాస్ అని కనబడింది. కేక వేయబోయి, పక్కవాళ్ళు రాస్తున్నారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కాళ్ళు మాత్రం బల్ల కింద వాటి పాటికి అవి గంతులేశాయి.

నెల తిరక్కముందే బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేనూ హెడ్‌సెట్ పెట్టుకుంటాను, కానీ ఫ్లెక్సీ మీది అమ్మాయిలా నవ్వను. మా మేనేజర్ తరవాతి పరీక్ష ఎంచుకోమన్నాడు. ఈసారి ఎవరినీ అడగలేదు. నాకు చేతకాక వేరే టీముకు తోసేస్తున్న ఫోన్లు ఏమిటా అని చూశాను. సగానికి పైగా నెట్‌వర్క్ గొడవలే. అదే రాస్తానన్నాను. సాయంత్రం ఇంటికొచ్చే రైల్లో మాలూరు దాటేదాకా సీటు దొరకదు. నిలబడే చదువుతున్నాను.