ఊట మీద ఎర్ర గుర్తు

మూడేళ్ళ కిందట జి.మాడుగుల దారిలో జీపు పంక్చరైనప్పుడు, పనసగరువు అనే చిన్న ఊరి దగ్గర రోడ్డు పక్కన వెదురు దోనెలోంచి కారే ఊట నీళ్ళు తాగాను. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఈమధ్య ఆ రోడ్డు వెడల్పు చేస్తారని విన్నప్పుడు దిగులేసింది. ఆ మలుపులూ ఆ నీడా పోకముందే ఒకసారి చూసి రావాలని, కొత్తపల్లి జలపాతం వంక పెట్టుకుని డిసెంబరులో బయల్దేరాను.

విశాఖలో పొద్దున్న అయిదున్నరకి పాడేరు బస్సు ఎక్కితే తొమ్మిదిన్నరకి దిగాను. ఘాట్ ఎక్కేటప్పుడు చలి ఉంటుంది, కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు శాలువా పెట్టుకోండి. బస్టాండు ఎదుట వేడి ఇడ్లీ తిని జి.మాడుగుల వెళ్ళే షేరు జీపు దగ్గరికి వెళ్ళాను. మనిషికి యాభై రూపాయలు. జీపు నిండితే గాని కదలదు, నిండాక ఇంకో నలుగురిని ఎక్కించుకుంటే గాని కదలదు. ముందు సీటు కావాలంటే డ్రైవరుని ముందుగానే బతిమాలుకోవాలి. నేను బతిమాలాను.

డ్రైవరు పేరు అప్పన్న. ఇంత అందమైన రోడ్డుని పాడుచేస్తున్నారని నేను వాపోతుంటే పకపకా నవ్వాడు.

“మీకేటి మేడమ్, ఏడాదికోపాలి వత్తారు, అందంగానే ఉంటాది. కడుపుతో ఉన్న మనిషిని ఈ మలుపుల్లో ఆస్పత్రికి తీసుకెల్లి సూడండి, అప్పుడు తెలుస్తాది అందం.”

నా ముఖం చూసి అతనే జాలిపడి, “ఈయేళ పనసగరువులో రోడ్డు మీటింగు. ఇంజినీరుగారు వత్తన్నారు. దిగుతారేటి?” అన్నాడు. జలపాతం ఎక్కడికీ పోదు కదా అని దిగిపోయాను.

పదకొండింటికి స్కూలు వరండాలో ఊరు కూర్చుంది. కుర్ర ఇంజినీరు పెద్ద మ్యాపు పరిచి, రోడ్డు ఎక్కడినుంచి ఎక్కడికి వెళుతుందో ఓపిగ్గా చెప్పి, “మీ అభిప్రాయాలు చెప్పండి” అన్నాడు. ఒక్కరూ నోరు విప్పలేదు. మూడుసార్లు అడిగాడు. నాకే ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి అడుగుతుంటే చెప్పడానికేం? పక్కన అరవై ఏళ్ళావిడ, దేవమ్మ, కాఫీ పళ్ళు కోసి ఎర్రబడిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎందుకు మాట్లాడరని మెల్లగా అడిగాను.

“రెండు గడపలోళ్ళు ఇంకా రానేదమ్మా. ఇంటికో మనిషి కూకోకుండా ఊరి మాట ఎలాగ సెప్తాం?”

అరగంటకి ఆ ఇద్దరూ కాఫీ గంపలతో కొండ దిగి వచ్చారు. వాళ్ళు కూర్చున్నాకే దేవమ్మ లేచింది. “బాబూ, కాయితం తరవాత సూద్దాం. ముందు నీళ్ళు తాగుదురు గాని, రండి” అంది. కుండలో తెస్తుందనుకున్నాను. ఆవిడ రోడ్డు దాటి నడిచింది, వెనకాల ఇంజినీరు, ఆ వెనక ఊరంతా.

మలుపు కింద పొదల్లో పెద్ద బండరాయి. దాని కిందనుంచే ఊట పుట్టి వెదురు దోనెలోకి వస్తోంది. ఆ బండ మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు. కొత్త రోడ్డు అంచు సరిగ్గా దాని మీదుగానే పోతుంది. ఇంజినీరు ముఖం వాడిపోయింది.

“సర్వేవాళ్ళు ఎవరినీ అడగలేదా?”

“సంతరోజున ఒచ్చారు బాబూ. ఊళ్ళో ముసలోళ్ళూ కోళ్ళూ తప్ప ఎవులుంటారు? రాయి సదునుగా ఉందని దానిమీదే కూకుని కేరేజీ తిని, రంగేసి ఎలిపోనారు” అంది దేవమ్మ.

అందరూ నవ్వారు, ఇంజినీరు కూడా. దేవమ్మ నవ్వలేదు. “మాఘం దాటితే బోరింగులో నీరు రాదు. ఊరికంతటికీ ఇదే. రోడ్డూ కావాలి మాకు, ఇదీ కావాలి.”

అతను దోసిలి పట్టి నీళ్ళు తాగాడు. మ్యాపు మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. “మలుపుని పైకి జరపొచ్చనుకుంటాను. కానీ పైన కాఫీ తోట ఉంది. ఎవరిదది?”

తలలన్నీ దేవమ్మ వైపు తిరిగాయి. తోట నిండు కాపు మీద ఉంది, చెట్లకి మిరియం తీగలు పాకి ఉన్నాయి.

“నాదే. రాసుకో బాబూ. కాపీ మొక్క మళ్ళీ ఏసుకుంటాం. ఊటని ఏత్తామేటి?” అంటూనే తోట వైపు ఒకసారి తిరిగి చూసింది. నాకు ఏడుపొచ్చింది.

ఆలస్యంగా వచ్చిన ఇద్దరిలో ఒకతను గంప దించి ముందుకొచ్చాడు. “కొండవార నీకు కాళీ జాగా ఉంది కదా అత్తా. ఇంటికి పది మొక్కలు, ఇంటికో మనిషి. బేగి ఏసేత్తాం.”

“కాపుకి నాలుగేళ్ళు పడతాది కదరా.”

“నాలుగేళ్ళూ మా కాపులో ఇంటికో గంప నీది.”

ఈసారి ఎవరి కోసమూ ఎదురుచూడలేదు, అందరూ అక్కడే ఉన్నారు. తలలూపారు. తన చేతిలో నిర్ణయం లేదనీ, పైకి రాసి పంపుతాననీ, పరిహారం సంగతీ రాస్తాననీ ఇంజినీరు చెప్పాడు. మళ్ళీ కొలవడానికి సంత లేని రోజు చూసి వస్తానన్నాడు.

జలపాతం రెండున్నరకి చూశాను. బాగుంది. నాలుగింటి జీపులో తిరిగి వస్తుంటే మనసు మాత్రం ఆ బండ దగ్గరే ఉంది. నేను ఒక మలుపు పోతుందని దిగులుపడుతూ వచ్చాను. అక్కడ ఒక మనిషి ఊట కోసం ఆ మలుపుకి తన తోటనే ఇచ్చేసింది. పొద్దున్న వాళ్ళ మౌనానికి విసుక్కున్నందుకు సిగ్గేసింది.

వెళ్ళేవాళ్ళకి ఒకటే సలహా. పాడేరులో జీపెక్కే ముందు ఆ దారిలో సంత ఏ రోజో కనుక్కుని, మర్నాడు వెళ్ళండి. పనసగరువులో దిగి నీళ్ళు తాగండి. తాగాక తలెత్తి పైకి చూడండి. అక్కడ రోడ్డు కనిపిస్తే, అది దేవమ్మ తోట.