అక్క కారు ఎడమకు లాగింది

వీల్ అలైన్‌మెంట్ దుకాణంలో ఇచ్చిన కాగితాన్ని ఇప్పటికీ చించలేదు. కోపం తగ్గినప్పుడల్లా తీసి చూస్తాను, మళ్ళీ వస్తుంది. అన్నీ పచ్చ అంకెలే, అంటే కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయని. పైన రాసిన కారు పేరు మాత్రం మాది కాదు.

మా కారుకు అసలు పేరే లేదు. గొట్టాల చట్రం, ఫైబర్ బాడీ, స్ప్రింగులు, ముందు చక్రాల సరంజామా అంతా పెట్టెల్లో తెప్పించి, మార్కాపురంలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో నేనే బిగించాను. ఇరవై ఏళ్ళు ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. కారు నా కోసం కాదు, మా అక్క కోసం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. త్రిపురాంతకం అవతల ఒక ఊళ్ళో టీచరు. రోజూ షేర్ ఆటోలో, పదిమంది మోకాళ్ళ మధ్య ఆ కాలును చేత్తో ఎత్తి పెట్టుకుని పోయి వస్తుంది. "కొంచెం జరగండమ్మా" అని రోజుకు రెండుసార్లు బతిమాలాలి. ఎత్తు తక్కువగా, తలుపు వెడల్పుగా, బ్రేకూ యాక్సిలరేటరూ చేతికే అందేట్లు ఒక బండి ఉంటే ఆ మాట అననక్కర్లేదు. దానికోసమే ఏడాదిన్నర ఆదివారాలు పోశాను. అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు చెబితే ఇంకో కోపం మొదలవుతుంది, వదిలేస్తాను.

చిక్కంతా ముందు చక్రాలతోనే వచ్చింది. అవి రెండూ సమానంగా, ముందువైపు వెంట్రుకవాసి లోపలికి చూస్తుండాలి. లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. కంప్యూటర్ ఉంది కదా అని అక్కను వెంటబెట్టుకుని దుకాణానికి తీసుకుపోయాను. యజమాని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది ఏ కంపెనీదన్నా? కంప్యూటర్ లిస్టులో లేదే."

"కంపెనీది కాదు, నేను కట్టింది. కొలతలు రాసుకొచ్చినాను, చూడు."

"అయ్యన్నీ ఎందుకులే అన్నా. దీని సైజుకు దగ్గర బండి ఒకటి నొక్కుతా."

ఇంకెవరి కారుదో కొలత తెచ్చి మా కారుకు పెడతాడట! పొరుగువాడి చెప్పు నా కాలికి తొడిగి సరిపోయింది పో అన్నట్లుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. నేను అరుస్తుంటే ఆయన చల్లగా టీ తాగుతూ, "పచ్చ వచ్చింది గదన్నా, ఇంకేంది?" అన్నాడు. కుర్చీలో కూర్చున్న మా అక్క కూడా, "మిషను కంటే నీకు ఎక్కువ తెలుసా? పద రా" అంది. ఆ మాట ఇంకా మండింది.

పొదిలి రోడ్డు ఎక్కి నాలుగు ఫర్లాంగులు పోయామో లేదో, కారు ఎడమకు లాగింది. అక్క రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నా నిలవలేదు. రోడ్డు దిగి కంపచెట్లకు జానెడు దూరంలో ఆగాం. "నాకు ఆటోనే మేలు రా" అంది. సోమవారం పొద్దున ఆటోలోనే పోయింది. ఆమె ఆ ఆటో ఎక్కుతుంటే నేను గేటు దగ్గర నిలబడి దుకాణంవాణ్ణి తిట్టని తిట్టు లేదు.

ఇక ఎవణ్ణీ నమ్మదలచలేదు. మా ఊళ్ళో పలకరాయికి కొదవేముంది? ఒక్కో ముందు చక్రం కింద రెండేసి బండలు పరిచాను, మధ్యలో గ్రీజు పూసి. పై బండ జారుతుంది కాబట్టి చక్రం బిగుసుకోకుండా తిరుగుతుంది. కారుకు రెండు పక్కలా దారం లాగి, చక్రం ముందు అంచు నుంచీ వెనక అంచు నుంచీ దారానికి ఎంత దూరమో కొలిచాను. మనిషి కూర్చుంటే స్ప్రింగు దిగుతుంది, కొలత మారుతుంది. ఆ సంగతి కంప్యూటర్‌వాడికి పడితే కదా! నేను డ్రైవర్ సీటులో ఇసుక మూటలు పెట్టి మరీ కొలిచాను. తర్వాత ఒక్కణ్ణే నడిపి చూస్తే, చేతులు వదిలినా గీత గీసినట్లు పోయింది. తిరిగొస్తూ ఆ దుకాణం ముందు కావాలనే హారన్ కొట్టాను.

ఆదివారం అక్క ఒక్కతే తీసుకుపోయి పది నిమిషాల్లో తిరిగొచ్చింది.

"లాగుతోంది రా."

"నేను నడిపితే లాగలేదు. నువ్వే సరిగ్గా పట్టుకోవడం లేదు."

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను, కానీ అననే అన్నాను. ఆమె షెడ్డులోకి చూసింది.

"ఆ మూటలేంది?"

"డ్రైవర్ బరువు. కొలిచేటప్పుడు సీటులో పెట్టినా."

"ఎన్ని కిలోలు?"

"తొంభై."

"నేను నలభై ఆరు. అయితే ఆ డ్రైవర్ ఎవరు రా?"

తొంభై నా బరువు. కారంతా కలిపి ఆరు వందల కిలోలు లేదు. దానికి నలభై నాలుగు కిలోల తేడా అంటే కుడి స్ప్రింగు పైకి లేచి చక్రం పక్కకు తిరగదా మరి. మా ఐటీఐ పిల్లలు ఇట్లా చేస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి.

"ఇంట్లోనే ఉన్నాను గదా. ఒక్కసారన్నా వచ్చి కూర్చో అక్కా అన్నావా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి. దుకాణంవాడు లిస్టులో ఉన్న కారు పేరు నొక్కాడు. నేను మరీ ఘనం, డ్రైవర్ అనగానే నన్నే నొక్కుకున్నాను. వాణ్ణి తిట్టిన తిట్లన్నీ నాకూ చెల్లుతాయి. వాడి మీద కోపం మాత్రం పోలేదు, పోదు కూడా.

తర్వాతి ఆదివారం ఆమె డ్రైవర్ సీటులో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే నేను కింద పడుకుని మళ్ళీ మొదలుపెట్టాను. స్ప్రింగు ఎత్తును మార్చే కింది కాలరు వదులు చేయడం, కారును ఊపడం, దారం చూడడం, స్టీరింగు రాడ్డును పావు చుట్టు తిప్పడం. రెండు గంటలు ఆ ఉక్కలో ఆమె కదల్లేదు. అయిందని చెప్పి, చేతులు తుడుచుకుని పక్క సీటు తలుపు తీశాను.

"నువ్వెక్కితే మళ్ళీ బరువు మారదా? ఆడనే ఉండు" అని కారు తిప్పుకుని త్రిపురాంతకం రోడ్డు వైపు పోయింది.

కట్టినవాణ్ణి నన్నే ఎక్కనివ్వలేదని ఒళ్ళు మండింది. కారు మాత్రం మలుపు దాకా ఎటూ లాగకుండా తిన్నగా పోయింది.